పాల బండి ఇంజనులో స్పార్కు ప్లగ్గుల మార్పిడి

పాలు పితికినప్పటి నుండి చల్లబడే వరకు గడిచే కాలమే పాల నాణ్యతకు ప్రాణమన్న సంగతి సభ్యులందరికీ తెలిసినదే. పితికిన పాలు పశువు ఒంటి వేడితో, అంటే సుమారు 38 డిగ్రీల వద్ద ఉంటాయి. మన కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతాలలో ఏప్రిల్, మే నెలల్లో బయటి గాలే 42, 43 డిగ్రీలకు పోతుంది కాబట్టి, క్యానులోని పాలు వాటంతట అవి చల్లారే మాటే లేదు. ఆ వేడిలో పాలలోని సూక్ష్మజీవులు అరగంటకొకసారి చొప్పున రెట్టింపవుతూ పోతాయి. కేంద్రంలో తూకం ఎంత సరిగా వేసినా, వెన్న పరీక్ష ఎంత శ్రద్ధగా జరిపినా, బండి దారిలో రెండు గంటలు ఆగితే ఆ శ్రద్ధ అంతా వృథా. శీతలీకరణ కేంద్రంలో కాచి చూసే పరీక్షలో పాలు విరిగితే, ఆ నష్టం పాలు పోసిన సభ్యుల మీదికే వస్తుంది.

బండి ఆగటానికి కారణాలు అనేకం. టైరు పంక్చరైతే స్టెప్నీ ఉంది. డీజిలు అయిపోతే అది డ్రైవరు అజాగ్రత్త. కానీ ఈ మధ్య తనిఖీలకు వెళ్ళినచోట లాగు పుస్తకాలు తిరగేస్తే ఎక్కువగా కనబడుతున్న మాట ‘మిస్సింగు’. బండి కుదుపుతో నడవటం, ఎత్తు ఎక్కలేకపోవటం, పెట్రోలు ఎక్కువ తాగటం, చివరికొక రోజు ఆగిపోవటం. ఇందులో చాలా భాగం కొన్ని వందల రూపాయల స్పార్కు ప్లగ్గులను వేళకు మార్చనందువలన వచ్చేదే. మెకానికల్ డిప్లొమా చదివి సహకార శాఖలోకి వచ్చినవాడిని కనుక, ఈ పని గురించి సంఘాలకు నాలుగు మాటలు వివరంగా చెప్పటం నా బాధ్యత అనుకుంటున్నాను. ఇది డ్రైవరు ఒక్కడే చదవవలసినది కాదు. ఓచరు మీద సంతకం చేసే అధ్యక్షుడు, కార్యదర్శి, సర్వసభ్య సమావేశంలో లెక్క అడిగే సభ్యుడు కూడా చదవాలి.

ముందుగా ఒక సంగతి. డీజిలు ఇంజనులో స్పార్కు ప్లగ్గు ఉండదు. అందులో గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిలు అంటుకుంటుంది. వెనుక పాల రూట్లలో తిరిగిన మెటడోర్లు, ఇప్పటికీ తిరుగుతున్న డీజిలు పికప్ బండ్లు ఈ లెక్కలోకి రావు. అయితే 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి 6 నిబంధనలు అమలులోకి వచ్చిన తరువాత చిన్న బండ్లలో పెట్రోలు, సి.ఎన్.జి. రకాలు ఎక్కువయ్యాయి. ఈకో వ్యాను, సూపర్ క్యారీ, పెట్రోలు టాటా ఏస్ వంటివి మన సంఘాల పాలు మోస్తున్నాయి. చాలామంది సభ్యుల ఇళ్ళలో స్విఫ్టో, వ్యాగన్ ఆరో ఉంది. ఈ వ్యాసం ఆ బండ్లను గురించి.

పాత పద్ధతి, కొత్త పద్ధతి

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కాలంలో బండి మొత్తానికి ఒకటే కాయిల్. దానిలో పుట్టిన విద్యుత్తు డిస్ట్రిబ్యూటరుకు చేరేది. అక్కడ తిరిగే రోటరు దానిని నాలుగు లావు తీగల ద్వారా నాలుగు ప్లగ్గులకు వంతులవారీగా అందించేది. కె.సి. కాలువ కింద నీరుగంటి తూము దగ్గర నిలబడి ఈ మడికి ఇంతసేపు, ఆ మడికి ఇంతసేపు అని నీళ్ళు తిప్పినట్లన్న మాట. అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ తయారుచేసిన ఈ బ్యాటరీ ఇగ్నిషన్ పద్ధతి 1910లో కాడిలాక్ కార్లలోకి వచ్చి, ఇంచుమించు అదే రూపంలో మన మెకానిక్కులకు రెండు మూడు తరాల పాటు అన్నం పెట్టింది. 1951లో మొదలైన మైకో కంపెనీ ప్లగ్గులు దొరకని మెకానిక్ షాపు మన ఊళ్ళలో ఉండేది కాదు. ఆ కంపెనీయే 2008లో బాష్ అని పేరు మార్చుకుంది.

ఇప్పుడు డిస్ట్రిబ్యూటరు లేదు, రోటరు లేదు, లావు తీగలూ లేవు. ప్రతి ప్లగ్గు నెత్తిన దాని కాయిల్ దానికే ఉంటుంది. నీరుగంటి పోయి మడికొక బోరు వచ్చినట్లు. ఎవరి వంతు ఎప్పుడన్నది బండిలోని చిన్న కంప్యూటరు నిర్ణయిస్తుంది. మారుతి కె-సిరీస్ ఇంజను 2008లో ఎ-స్టార్ కారుతో వచ్చినప్పటి నుండి ఈ పద్ధతి మన ప్రాంతపు బండ్లలో సాధారణమైపోయింది. 2024కు ముందటి స్విఫ్ట్, డిజైర్‌లలోనూ, వ్యాగన్ ఆర్‌లలోనూ, 2022 చివర నుండి వస్తున్న ఈకోలోనూ ఈ కుటుంబానికి చెందిన ఇంజనులే ఉన్నాయి. కొన్ని పాత బండ్లలో రెండు ప్లగ్గులకు కలిపి ఒక కాయిల్ ఉండి, మధ్యలో తీగలు కనిపిస్తాయి. మీ బండి ఏ రకమో ఇంజను మూత తీసి చూస్తే తెలుస్తుంది.

కాయిల్ చేసే పని ఏమిటి? బ్యాటరీలో ఉన్నది 12 వోల్టులు. దానితో రవ్వ పుట్టదు. కాయిల్ లోపల కొద్ది చుట్ల తీగ ఒకటి, వేల చుట్ల సన్నని తీగ ఒకటి ఉంటాయి. కొద్ది చుట్ల తీగలో ప్రవహిస్తున్న కరెంటును కంప్యూటరు తటాలున ఆపగానే, సన్నని తీగలో ఇరవై వేల నుండి నలభై వేల వోల్టుల వరకు ఒత్తిడి పుడుతుంది. ఆ ఒత్తిడి ప్లగ్గు కొనలో ఉన్న ఒక మిల్లీమీటరు ఎడాన్ని దూకినప్పుడు రవ్వ పుట్టి పెట్రోలు అంటుకుంటుంది.

ఇక్కడే అసలు విషయం ఉంది. ప్రతి రవ్వకూ ప్లగ్గు కొనలోని లోహం కనపడనంత అరుగుతుంది. నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగే ఇంజనులో ఒక్కొక్క ప్లగ్గు నిమిషానికి పదిహేను వందల రవ్వలు కొడుతుంది. అలా అరిగి అరిగి, 1.1 మిల్లీమీటరు ఉన్న ఎడం కాలక్రమాన ఒకటిన్నర దాటుతుంది. ఎడం పెరిగేకొద్దీ దూకటానికి ఎక్కువ వోల్టులు కావాలి. ఆ ఎక్కువ వోల్టులు పుట్టించలేక కాయిల్ వేడెక్కుతుంది, లోపలి ఇన్సులేషన్ చిల్లుపడుతుంది. అంటే ప్లగ్గు చేసిన తప్పుకు శిక్ష కాయిల్ అనుభవిస్తుంది. కాయిల్ ధర ప్లగ్గు ధరకు ఎన్నో రెట్లు.

ఇంకొక సంగతి. సిలిండరులో గాలి ఎంత గట్టిగా నొక్కబడితే రవ్వ దూకటం అంత కష్టం. ఖాళీ బండి చదును రోడ్డు మీద పోతున్నప్పుడు అరిగిన ప్లగ్గు కూడా ఎట్లాగో పని కానిస్తుంది. నిండు క్యానులతో కడప నుండి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాటు ఎక్కేటప్పుడో, నంద్యాల నుండి గిద్దలూరు వైపు నల్లమల ఎక్కేటప్పుడో యాక్సిలరేటరు పూర్తిగా తొక్కుతాము. సిలిండరు నిండా గాలి వస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది, రవ్వ తప్పిపోతుంది. “షెడ్డులో బాగానే ఉంది సార్, ఘాటులోనే కొడుతోంది” అని డ్రైవరు చెప్పిన మాటను మెకానిక్కు నమ్మకపోవటం తరచు చూస్తుంటాము. డ్రైవరు చెప్పినది నిజమే. ఖాళీ బండిని షాపు ముందు స్టార్టు చేసి చూస్తే ఆ జబ్బు కనపడదు.

ఒక సంఘం ఓచర్లు

రెండేళ్ళ కిందట ఒక సంఘం తనిఖీలో రెండు నెలల వ్యవధిలో మూడు కాయిల్ బిల్లులు కనిపించాయి. సంఘం పేరు, మెకానిక్ షాపు పేరు ఇక్కడ అవసరం లేదు. మొదటి బిల్లు మార్చి నెలాఖరున, రెండవది ఏప్రిల్ మధ్యలో, మూడవది మే మొదటి వారంలో. ప్రతిసారీ ఒక కాయిల్ మార్చటం, వారం పది రోజులు బండి బాగా తిరగటం, మళ్ళీ కుదుపు. మే నెల మధ్యలో ఒక సాయంత్రం బండి చెరువు కట్ట ఎక్కలేక ఆగిపోయింది. అందులో 11 క్యానులు, అంటే 440 లీటర్ల పాలు. వేరే బండి కుదుర్చుకొని శీతలీకరణ కేంద్రానికి చేర్చేటప్పటికి రాత్రి పదిన్నర. ఆ పాలు పరీక్షకు నిలవలేదు. లీటరు 40 రూపాయల లెక్కన వేసుకున్నా 17,600 రూపాయలు.

పాలకవర్గం ఆ సొమ్మును డ్రైవరు జీతంలో కోయాలని తీర్మానం రాసుకుంది. లాగు పుస్తకం తెప్పించి చూశాను. ఏప్రిల్‌లో ఒకసారి, మే మొదట్లో ఒకసారి ‘ఎత్తు మీద మిస్సింగు, చూపించవలెను’ అని డ్రైవరు తన చేతి రాతతో రాసి పెట్టాడు. పక్కన కార్యదర్శి సంతకం కూడా ఉంది. కనుక ఆ వసూలు చెల్లదని నా నివేదికలో రాయవలసి వచ్చింది. తరువాత ప్లగ్గులు విప్పించి చూస్తే, అవి బండి కొన్ననాటివే. బండి అప్పటికి 84,000 కిలోమీటర్లు తిరిగింది. ఎడం 1.6 మిల్లీమీటర్లు ఉంది. నాలుగు ప్లగ్గులూ మార్చిన తరువాత ఆ బండి మళ్ళీ కాయిల్ అడగలేదు. మూడు కాయిల్స్ ఖరీదు, వాటి కూలి, చెడిన పాలు అన్నీ కలిపితే ఆ సంఘం సభ్యుల బోనసులో ఎంత కోత పడిందో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు.

ఎప్పుడు మార్చాలి అన్న ప్రశ్నకు బండితో వచ్చిన పుస్తకమే ప్రమాణం. సాధారణ నికెల్ ప్లగ్గులకు ముప్పై, నలభై వేల కిలోమీటర్లని, ఇరిడియం కొన ఉన్నవాటికి లక్ష వరకు అని సాధారణంగా ఉంటుంది. సి.ఎన్.జి. మీద నడిచే బండిలో రవ్వ దూకటానికి ఎక్కువ వోల్టులు కావాలి కనుక ప్లగ్గులు అంతకంటె ముందే మార్చాలి. ఇంటి కారు ఏడాదికి పది వేలు తిరిగితే గొప్ప. పాల బండి సంగతి అది కాదు. పూటకు 60 కిలోమీటర్ల రూటు అనుకుంటే రోజుకు 120. ఆ లెక్కన 250 రోజులకే 30,000 కిలోమీటర్లు. అంటే ఎనిమిది నెలలకొకసారి ప్లగ్గుల మార్పు వస్తుంది. పాల బండికి ఆదివారం సెలవు లేదని మరచిపోరాదు.

పని చేసే విధానం

ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతే ప్లగ్గు మీద పానా పెట్టాలి. నేటి ఇంజనుల తల భాగం అల్యూమినియంతో చేసినది. వేడి మీద ప్లగ్గు విప్పితే ఆ మెత్తని లోహపు మరలు ప్లగ్గుతో పాటు ఊడి వస్తాయి. పాల బండికి రాత్రి ఎనిమిదికి పని ముగిసి, తెల్లవారి ఐదుకు మళ్ళీ మొదలవుతుంది. కాబట్టి ఉదయం ట్రిప్పు అయి వచ్చిన తరువాత నీడన నిలిపి, మూడు గంటలు ఆగి, మధ్యాహ్నం ఒంటి గంట ప్రాంతంలో మొదలుపెడితే సాయంత్రం ట్రిప్పుకు అందుతుంది. చేయి తిరిగినవారికి పని ముప్పావు గంట మించదు. ఈకో వంటి బండ్లలో ఇంజను ముందు సీటు కింద ఉంటుంది. సీటు ఎత్తి చూడవలసినదే.

తాళం చెవి తీసి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి పక్కన పెట్టాలి. కాయిల్‌కు వచ్చే ప్లగ్ కనెక్టరుకు ఒక చిన్న ప్లాస్టిక్ నాలుక ఉంటుంది. ఇంజను వేడికి అది అప్పడంలాగా పెళుసై ఉంటుంది. కనెక్టరును ముందు కాస్త లోపలికి నెట్టి, అప్పుడు నాలుక నొక్కి వెనుకకు లాగితే సులభంగా వస్తుంది. తీగలు పట్టి లాగరాదు. కాయిల్‌ను పట్టి ఉంచే చిన్న బోల్టు చాలా బండ్లలో 10 నంబరు. అది విప్పిన తరువాత కాయిల్‌ను అటు ఇటు పావు చుట్టు తిప్పి, పట్టు వదిలిన తరువాత నిలువుగా పైకి తీయాలి. పక్కకు వంచితే కింది రబ్బరు గొట్టం చిరుగుతుంది. తీసిన కాయిల్స్‌ను వరుస తప్పకుండా ఒక గుడ్డ మీద పేర్చుకోవాలి.

ఇప్పుడు మన ప్రాంతానికి ప్రత్యేకమైన జాగ్రత్త. ప్లగ్గు ఒక లోతైన బావి వంటి గుంటలో అడుగున ఉంటుంది. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు నాపరాళ్ళ పొడి, ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు దుమ్ము, కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి మన్ను ఇంజను మీద పొరలు పొరలుగా పేరుకొని ఉంటాయి. కాయిల్ తీయగానే ఆ మట్టి గుంటలోకి జారుతుంది. అట్లాగే ప్లగ్గు విప్పారా, ఆ మన్ను నేరుగా సిలిండరులో పడి, పిస్టను గోడలను ఆకురాయిలాగా గీరుతుంది. చిటికెడు మన్ను చాలు. కాబట్టి కాయిల్ తీయకముందే ఇంజను పైభాగం పొడి గుడ్డతో తుడవాలి. కాయిల్ తీసిన తరువాత పంక్చరు షాపు కంప్రెసరుతో గుంటలో గాలి కొట్టాలి. అది దగ్గర లేకపోతే సైకిలు పంపుకు సన్నని గొట్టం తగిలించి కొట్టినా చాలు. కళ్ళకు అద్దాలు పెట్టుకోవటం మంచిది. ప్లగ్గును అర చుట్టు మాత్రం వదులు చేసి, మరొకసారి గాలి కొట్టి, అప్పుడు పూర్తిగా విప్పాలి. మిగిలిన గుంటల మీద గుడ్డ కప్పి ఒక్కొక్కటిగా పని చేసుకుంటే ఇంకా మేలు.

గుంటలో నీళ్ళు కనిపిస్తే బండి కడిగేటప్పుడు పైపు నీళ్ళు ఇంజను మీద పడుతున్నాయని అర్థం. పాల బండిని రోజూ కడగవలసిందే, కానీ ఇంజను మీద నీళ్ళు చిమ్మనవసరం లేదు. ఆయిల్ కనిపిస్తే పైమూత సీలు పోయింది. అది మార్చకుండా కొత్త ప్లగ్గు వేస్తే కాయిల్ రబ్బరు నాని ఉబ్బి, రవ్వ పక్కదారి పడుతుంది.

ప్లగ్గు విప్పటానికి చాలా బండ్లలో 16 నంబరు ప్లగ్ సాకెట్టు, దానికి పొడవైన ఎక్స్‌టెన్షన్ కడ్డీ కావాలి. పాత అంబాసిడర్ పానా ఇక్కడ పట్టదు. బిగుసుకుపోయి ఉంటే బలం ఉపయోగించరాదు. కొంచెం వదులు చేయటం, మళ్ళీ కొంచెం బిగించటం, మరల మీద తుప్పు వదిలే నూనె రెండు చుక్కలు వేసి కాసేపు ఆగటం, ఇట్లా ఓపికగా తీయాలి.

విప్పిన ప్లగ్గును వెంటనే పారవేయవద్దు. పశువు పేడ చూసి పశువైద్యుడు జబ్బు చెప్పినట్లు, ప్లగ్గు కొన చూసి ఇంజను సంగతి చెప్పవచ్చు. లేత గోధుమ రంగో, బూడిద రంగో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉంది. పొడి మసి పట్టి ఉంటే గాలి ఫిల్టరు మూసుకుపోయి ఉండవచ్చు. మన దుమ్ములో ఇది చాలా సామాన్యం. తడిగా నల్లని ఆయిల్ ఉంటే రింగులో, వాల్వు సీళ్ళో అరిగాయి, ప్లగ్గు మార్చినంత మాత్రాన తీరదు. తెల్లగా కాలి పొక్కులు లేచి ఉంటే ఇంజను వేడెక్కుతోంది, లేదా రకం తప్పిన ప్లగ్గు వేశారు. పైన తెల్లని పింగాణీ మీద లోహం మొదట్లో గోధుమ రంగు వలయం కనిపిస్తే గ్యాసు కారుతోందని కంగారుపడనవసరం లేదు. అధిక వోల్టేజి వలన గాలిలోని నూనె రేణువులు అక్కడ అంటుకొని ఏర్పడే మరక అది. పింగాణీ పొడవునా పై నుండి కిందికి నల్లని గీత ఉంటే మాత్రం రవ్వ బయటి దారిన పోతోందని అర్థం. అప్పుడు ఆ కాయిల్ రబ్బరు గొట్టం కూడా మార్చాలి.

కొత్త ప్లగ్గు నంబరు బండి పుస్తకంలో ఉన్న నంబరుతో అక్షరం అక్షరం సరిచూడాలి. మర పొడవు ఎక్కువైతే పిస్టను తగులుతుంది, వేడి గుణం తేడా అయితే పిస్టను కాలుతుంది. పెట్టెలోంచి తీసిన ప్లగ్గు కింద పడితే అది ఇక పనికిరానిదే. లోపలి పింగాణీ చీలిక పైకి కనపడదు. ఎడం కొలవాలి. నికెల్ ప్లగ్గులో ఎడం తేడా ఉంటే పక్క కొక్కెం మాత్రమే మెల్లగా వంచాలి. ఇరిడియం ప్లగ్గు కొన సూదిలాగా సన్నగా ఉంటుంది. దాని మీద గేజి ఒత్తితే విరుగుతుంది కనుక, అనుభవం లేనివారు దానిని తాకకుండా వదలటమే మంచిది.

బిగించటంలో ఒక చిన్న ఉపాయం చెబుతాను. జానెడు పాత పెట్రోలు రబ్బరు గొట్టం తీసుకొని, ప్లగ్గు నెత్తికి తొడిగి, గొట్టాన్ని వేళ్ళతో తిప్పుతూ మర ఎక్కించాలి. ముందు వెనుకకు ఒక చుట్టు తిప్పితే మర కలిసినచోట టక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. అక్కడ నుండి ముందుకు తిప్పాలి. మర వంకరగా ఎక్కబోతే గొట్టం జారుతుందే గాని మర చెడదు. సాకెట్టుతో, రాచెట్టుతో మొదటి చుట్టు ఎక్కించేవారికి ఆ రక్షణ లేదు. ప్లగ్గు వేళ్ళతో అడుగుదాకా ఆనిన తరువాతే పానా. టార్కు రెంచి ఉంటే బండి పుస్తకంలోని కొలత ప్రకారం బిగించాలి. 14 మిల్లీమీటర్ల మర, వాషరు ఉన్న ప్లగ్గుకు అది సుమారు 25 న్యూటన్ మీటర్లు. రెంచి లేకపోతే, కొత్త వాషరుతో ఉన్న ప్లగ్గును వేళ్ళతో ఆనిన చోటు నుండి అర చుట్టు, మించితే చుట్టులో మూడింట రెండు వంతులు. విప్పిన ప్లగ్గే మళ్ళీ వేస్తే వాషరు ముందే నలిగి ఉంటుంది కనుక చుట్టులో పన్నెండవ వంతు చాలు. వాషరు లేని ఏటవాలు రకానికి పదహారవ వంతు మాత్రమే.

‘గట్టిగా ఉంటేనే మంచిది’ అన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు. బలంగా బిగిస్తే అల్యూమినియం మరలు తెగుతాయి. అప్పుడు తల విప్పి కొత్త మర వేయించవలసి వస్తుంది. బండి నాలుగు రోజులు షెడ్డులో, పాలు అద్దె బండిలో. వదులుగా ఉన్నా ముప్పే. ప్లగ్గు వేడి ఇంజను తలలోకి దిగే దారి ఆ వాషరు, ఆ మరలే. అవి ఆనకపోతే ప్లగ్గు కొన ఎర్రగా కాలి, రవ్వ రాకముందే పెట్రోలు అంటుకుంటుంది. మరలకు గ్రీసు, నూనె పూయరాదు. నేటి ప్లగ్గులకు తుప్పు పట్టని పూత ఫ్యాక్టరీలోనే వేసి ఉంటుంది. పైన గ్రీసు పూస్తే జారుడు పెరిగి, అదే బలానికి ఎక్కువ బిగుస్తుంది.

తరువాత కాయిల్స్‌ను ఎక్కడివి అక్కడ నిలువుగా దించి, అడుగుదాకా నొక్కి, బోల్టు మితంగా బిగించి, కనెక్టరు టక్కుమనే వరకు తోయాలి. స్టార్టు చేసినప్పుడు ఇంజను వణికితే పది వంతులలో తొమ్మిది వంతులు ఏదో ఒక కనెక్టరు సరిగా ఆనలేదనే. శనక్కాయ బస్తాల పక్కన బండి నిలిపే సంఘాలు ఎలుకలు తీగలు కొరికాయేమో కూడా చూసుకోవాలి.

మానవలసిన పాత అలవాట్లు

పాత బండ్లలో ఏ సిలిండరు పని చేయటం లేదో తెలుసుకోవటానికి నడుస్తున్న ఇంజనులో ఒక్కొక్క తీగ లాగి చూసేవారు. అనుభవజ్ఞులైన మేస్త్రీలు ఇప్పటికీ అదే అలవాటుతో నడుస్తున్న ఇంజనులో కాయిల్ పైకి లాగుతున్నారు. ఇది రెండు విధాల ప్రమాదం. దూకటానికి దారి లేని ఆ వేల వోల్టులు కాయిల్ లోపలి ఇన్సులేషన్‌ను చీల్చుకొని పోతాయి. బాగున్న కాయిల్ కూడా పరీక్షలోనే చస్తుంది. మనిషికి తగిలే షాకు కూడా తక్కువది కాదు. రెండవది, అంటుకోని పెట్రోలు సైలెన్సరు దారిలో ఉన్న క్యాటలిటిక్ కన్వర్టరులోకి పోయి అక్కడ మండుతుంది. ఆ వేడికి దాని లోపలి తేనెపట్టు వంటి భాగం కరిగి మూసుకుపోతుంది. దాని ఖరీదు ముందు కాయిల్ ఖరీదు ఏపాటిది? డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ ఉన్న పసుపు దీపం వెలిగి ఆరి, వెలిగి ఆరి చేస్తుంటే అర్థం ఇదే. అప్పుడు యాక్సిలరేటరు తగ్గించి మెల్లగా పోవాలి, వీలైనంత త్వరగా చూపించాలి.

ఏ సిలిండరో తెలుసుకోవటానికి ఇప్పుడు చిన్న స్కానరు చాలు. పి0301 అని చూపిస్తే ఒకటవ సిలిండరు, పి0302 అయితే రెండవది, పి0300 అయితే ఫలానా అని చెప్పలేని మిస్సింగు. అప్పుడు ఇంజను ఆపి ఒకటవ కాయిల్‌ను రెండవ దానిలో, రెండవ దానిని ఒకటవ దానిలో వేసి మళ్ళీ నడిపి చూడాలి. తప్పు కాయిల్‌తో పాటు రెండవ సిలిండరుకు మారితే కాయిల్ పోయింది. ఒకటవ దానిలోనే ఉంటే ప్లగ్గో, ఇంజక్టరో, మరొకటో చూడాలి. ఈ మాత్రం పరీక్ష చేయకుండా కాయిల్ మార్చమని చెప్పే మెకానిక్కును ‘ఏ నంబరు వచ్చింది’ అని అడిగే హక్కు సంఘానికి ఉంది. నేను చెప్పిన మూడు బిల్లులలో ఒక్కదాని మీదా ఆ నంబరు లేదు.

పెట్రోలు బంకుల పక్కన ఇసుక గాలితో ప్లగ్గులు శుభ్రం చేసే యంత్రాలు ఒకప్పుడు ఉండేవి. ప్లగ్గు దొరకటమే కష్టమైన రోజులవి. ఇప్పుడు గరుకు కాగితంతో, ఇనుప బ్రష్షుతో రుద్ది మళ్ళీ వేయటం పొదుపు కాదు. బ్రష్షు ఇనుము పింగాణీ మీద గీతలుగా అంటుకొని రవ్వకు దొంగదారి చూపుతుంది. ఒక్క ప్లగ్గు మాత్రమే మార్చటం కూడా మంచి పద్ధతి కాదు. అన్నీ ఒకే దూరం తిరిగినవే కదా.

బజారులో నకిలీ ప్లగ్గులు దొరుకుతున్నాయి. పెట్టె ఒక్కలాగే ఉంటుంది, లోపలి సరుకు వేరు. అధీకృత దుకాణంలో, ప్లగ్గు నంబరు రాసిన బిల్లుతోనే కొనాలి. ‘ప్లగ్గులు 4’ అని మాత్రమే ఉన్న బిల్లును ఓచరుకు జతచేస్తే తనిఖీలో అభ్యంతరం వస్తుంది. లాగు పుస్తకంలో మార్చిన తేదీ, ఆనాటి కిలోమీటర్లు, ప్లగ్గు నంబరు, తరువాత మార్చవలసిన కిలోమీటర్లు ఎర్ర సిరాతో ఒక వరుసలో రాయాలి. అద్దె బండ్ల రూట్లలో ఒప్పంద పత్రం రాసుకునేటప్పుడే ఈ మరమ్మతు ఎవరిది, బండి చెడి పాలు విరిగితే నష్టం ఎవరిది అన్నది స్పష్టంగా ఉండాలి. చాలా ఒప్పందాలలో కిలోమీటరు రేటు తప్ప ఈ మాటే లేదు. విప్పిన పాత ప్లగ్గులను కాగితంలో చుట్టి, ఏది ఏ సిలిండరుదో రాసి, తరువాతి తనిఖీ వరకు సంఘం బీరువాలో ఉంచగలరు.